మాఘంలో పుట్టినవాడు

నల్లని తెర మీద అడుగున, ఎడమవైపు, ఆకుపచ్చని చుక్క ఒకటి ఉండేది. దాని పక్కన చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉండేది. అంతకు మించి తెర మీద ఏమీ కనిపించేది కాదు. బొమ్మలు లేవు, రంగులు లేవు, మౌసు లేదు. మనం ఆజ్ఞ ఇస్తేగాని ఆ సాఫ్ట్‌వేరు కదలదు. ఏ ఆజ్ఞలు ఇవ్వవచ్చునో తనంత తానుగా చెప్పదు. నందిగామలో నేను అద్దెకుంటున్న వాటా పక్కనే కంప్యూటరు శిక్షణ కేంద్రమొకటి ఉంది. అక్కడ చదివే యువకులు అప్పుడప్పుడు నన్ను పలకరించి, మీ కాలపు కంప్యూటర్లు ఎలా ఉండేవండీ అని అడుగుతుంటారు. నేను ఆ చుక్క గురించి చెబుతాను. వారు వింతగా విని వెళ్ళిపోతారు. ఆ చుక్క ముందు కూర్చుని ఒక మనిషికి నేను చేసిన అన్యాయాన్ని మాత్రం వారికి ఇంతవరకు చెప్పలేదు. నోటితో చెప్పడం కంటే రాయడమే నాకు సులువు.

నేను ప్రాచ్య కళాశాలలో చదువుకున్నవాణ్ణి. ఏదైనా ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా చేరి, పద్యాలకు ప్రతిపదార్థం చెప్పుకొంటూ కాలం గడపవలసినవాణ్ణి. ఆ ఉద్యోగం నాకు అందలేదు. జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి తవ్వి సిమెంటు ఫ్యాక్టరీలు కడుతున్న రోజుల్లో, అక్షరం గుండ్రంగా ఉందన్న ఒకే ఒక్క అర్హత మీద, ఒక ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తాగా చేరాను. కార్మికుల హాజరు, సెలవులు, సర్వీసు వివరాలు చూసే విభాగం అది. అక్కడ అందరూ నన్ను పంతులుగారని పిలిచేవారు. పిలుపైనా దక్కిందిలే అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం భోజనాలకు అయిదుగురం బల్లలు దగ్గరకు జరుపుకొని క్యారియర్లు విప్పేవాళ్ళం. నా భార్య పోయిన తరువాత నా క్యారియరు హోటలు నుంచి వచ్చేది. మిగిలిన నలుగురూ నా గిన్నె వంక చూడకుండానే, ఎవరి కూర వారు అందులో ఇంత వేసేవారు.

అటువంటి రోజుల్లో మా ఫ్యాక్టరీకి మొదటి కంప్యూటరు వచ్చింది. దానికొక గది కట్టి, అద్దాలు బిగించి, ఏసీ పెట్టారు. విజయవాడ నుంచి వచ్చిన ఇంజనీరు ఒకాయన దానిలో సాఫ్ట్‌వేరు ఎక్కించి, ఎనిమిది రోజులుండి నేర్పుతానన్నాడు. నేర్చుకునేదెవరన్న ప్రశ్న వచ్చినప్పుడు మా పెద్ద గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మంత్రాలు బట్టీపట్టే విద్య పంతులుగారిదండి. మాకెక్కడ వచ్చిద్ది? ఆయన్ని కూర్చోబెట్టండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

నిజం చెప్పాలంటే ఆ విద్య నాకు నచ్చింది. ఒక మనిషికి ఒక వరుస. వరుసలో పేరుకొక గడి, ఊరుకొక గడి, పుట్టిన తేదీకొక గడి. వెతకమంటే వెతుకుతుంది, వరుస కట్టమంటే కడుతుంది. ఒక్కొక్క ఆజ్ఞ రెండు మూడు మాటలకు మించదు. సూత్రాలు వల్లె వేసి పెరిగినవాడికి అంత క్లుప్తత కంటే ఆనందమేముంటుంది? ఎనిమిది రోజుల్లో ఇంజనీరు చెప్పినదంతా నాకు కంఠస్థమైంది. ఆయన వెళ్ళిపోయాడు. ఆ భాష తెలిసినవాణ్ణి ఫ్యాక్టరీ మొత్తానికి నేనొక్కణ్ణే మిగిలాను.

అలా మిగలడం ఎటువంటిదో అప్పుడు తెలియలేదు. ఆ గదిలోకి చెప్పులతో రాకూడదు. తినే వస్తువు తేకూడదు. పని లేనివారు అసలే రాకూడదు. వేలమందిని వరుస కట్టమని ఆజ్ఞాపిస్తే ఆ యంత్రం అరగంటకు పైగా గొణుగుతూ ఉండేది. మధ్యలో కరెంటు పోతే పని మొదటికి వచ్చేది. దాన్ని వదిలి భోజనానికి పోవడానికి మనసొప్పేది కాదు. నేను వెళ్ళేసరికి బల్లలు ఎవరి చోటికి వారు జరుపుకొని ఉండేవారు. కొన్నాళ్ళకు నా కోసం చూడడం మానేశారు. అద్దం అవతల వాళ్ళు నవ్వుకోవడం కనిపించేది. ఏసీ మోతలో ఏమీ వినిపించేది కాదు.

కార్మికుల వివరాలు యంత్రానికి ఎక్కించేటప్పుడు పుట్టిన తేదీ దగ్గర చిక్కు వచ్చింది. క్వారీలో పనిచేసేవారిలో చాలామంది బడి మొహం చూడనివారు. చేరిన రోజున పాత రిజిస్టర్లలో వయసు సుమారు ఇంత అని రాసి ఊరుకున్నారు. సాఫ్ట్‌వేరుకు సుమారు అన్న మాట పనికిరాదు. తేదీ గడి ఖాళీగా వదిలితే అది ముందుకు కదలదు. చాలా ఆఫీసుల్లో ఇటువంటప్పుడు ఏదో ఒక ఏడు వేసి జూలై ఒకటి అని నింపేవారు. మా పెద్ద గుమాస్తా కూడా అదే చెయ్యమన్నాడు. నాకు అది అవమానంగా తోచింది. ఇన్ని వందలమంది తల్లులు ఒకే రోజున ప్రసవించారా అని అడిగాను. ప్రతివాడూ ఇంటికి పోయి, తల్లినో మేనత్తనో అడిగి, తెలుగు సంవత్సరమూ మాసమూ తెలుసుకొని రావాలని క్వారీ గేటు దగ్గర చాటించాను.

వాళ్ళు తెలుసుకొని వచ్చారు. అక్షరం రాని ముసలమ్మలు అరవై సంవత్సరాల పేర్లలో తమకు కావలసిన పేరును తడుముకోకుండా చెప్పి పంపారు. ఇక ఆ పేర్లను ఇంగ్లీషు తేదీలుగా మార్చాలి. పంచాంగం ముందు పెట్టుకొని ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కించవచ్చు. కాని అప్పటికి నాకు యంత్రం మీద మోజు బలిసింది. సంవత్సరం పేరు, మాసం పేరు అడిగి, ఆ మాసానికి సరిపడే ఇంగ్లీషు నెల ఒకటో తేదీని తానే గడిలో నింపే ప్రోగ్రాం ఒకటి సొంతంగా రాశాను. నా జీవితంలో నేను చేసిన మొదటి రచన అదేనని చెప్పుకోవచ్చు. పరీక్షించడానికి నా పుట్టుక వివరాలే ఇచ్చాను. శ్రావణ మాసంలో పుట్టినవాణ్ణి. నెలా ఏడూ సరిగ్గా వచ్చాయి. మా పెద్ద గుమాస్తాదీ ఇచ్చాను. ఆయనది జ్యేష్ఠం. అదీ సరిగ్గానే వచ్చింది. ఆ రోజు ఎవరికైనా చూపించాలనిపించి తలుపు తీసి చుట్టూ చూశాను. చూపిస్తే అర్థమయ్యేవారెవరూ లేరు.

మీకు తెలియనిది కాదు: తెలుగు సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. చైత్రం నుంచి మార్గశిరం దాకా ఒక ఇంగ్లీషు సంవత్సరం. పుష్యం రెండింటి మధ్య నడుస్తుంది. ఆ తరువాత వచ్చే మాఘ ఫాల్గుణాలు మరుసటి ఇంగ్లీషు సంవత్సరంలో పడతాయి. పంచాంగం ముందు పెట్టుకొని ఉంటే నా వేళ్ళు తమంత తామే ఆ ఒక్క ఏడూ కలిపేవి. ప్రోగ్రాంలో మాత్రం, ప్రతి తెలుగు సంవత్సరానికీ దాని ఉగాది ఏ ఇంగ్లీషు సంవత్సరంలో వచ్చిందో ఆ అంకె ఒక్కటే ఇచ్చాను. సామాన్య విధి చెప్పి, దానికి మినహాయింపైన అపవాదం చెప్పడం మరిచాను. వ్యాకరణం చదువుకున్నవాడు చెయ్యకూడని పొరపాటు. వ్యాకరణం చదువుకున్నానన్న ధీమా ఉన్నవాడు మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు.

అది చాలాకాలం బయటపడలేదు. ఏటా జనవరిలో, ఆ ఏడు యాభై ఎనిమిదేళ్ళు నిండి రిటైరయ్యేవారి పట్టికను యంత్రమే తయారుచేసి, పక్కన చిల్లులున్న కాగితం మీద అచ్చువేసి ఇచ్చేది. నేను దాన్ని చింపి నోటీసు బోర్డుకు పంపేవాణ్ణి.

ఒక ఏడు పట్టిక పెట్టిన మరునాడు క్వారీలో డ్రిల్లు మిషను నడిపే మనిషి నా గది ముందుకు వచ్చాడు. చెప్పులు విప్పి, చేతులు తుడుచుకొని, తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు ఆ మిషను పట్టినవాడికి చెవులు దాదాపు పోయాయి. అటువంటివారు తమ మాట ఎదుటివారికి వినిపించదేమోనన్న భయంతో గట్టిగా మాట్లాడతారు.

"పంతులుగారూ, నాకు ఫిబ్రవరితో అయిపోద్దన్నారండి. బోర్డు మీద మా అన్న పేరు నవంబరు కింద ఉందంట. మా పెద్దమ్మ కొడుకండి ఆయన. నాకంటే పెద్దోడు. ఇద్దరం యువ నామ సంవత్సరమే. ఆయన కార్తీకం, నేను మాఘం. పెద్దోడికింకా రాంది చిన్నోడికెట్టా వచ్చిందండి?"

ఇంతకంటే స్పష్టంగా తప్పును ఎవరు చూపించగలరు? కార్తీకం ముందు, మాఘం తరువాత. ముందు పుట్టినవాడు ముందు దిగిపోవాలి. ఆ మనిషి నా ప్రోగ్రాంలోని లోపాన్ని, అక్షరం రాకపోయినా, రెండు మాటల్లో నా ముందు పెట్టాడు. ఆ క్షణాన నేను చెయ్యవలసింది పంచాంగం తీసి చూడడమే. అది నా బల్ల సొరుగులోనే ఉంది.

నేను తెర వంక చూశాను. అతని వరుస పిలిచాను. ఫిబ్రవరి అని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది. కంప్యూటరు లెక్క తప్పదని చెప్పాను. వినిపించలేదని చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. గట్టిగా చెప్పాను. అప్పటికీ కదలకుండా, చిన్నకూతురు కంపెనీ బడిలో తొమ్మిది చదువుతున్నదనీ, ఉద్యోగం పోతే క్వార్టరూ బడీ రెండూ పోతాయనీ, తమ ఊళ్ళో బడి అయిదో తరగతితో సరి అనీ చెప్పుకొచ్చాడు. లేకలేక పుట్టిన పిల్లట. వాళ్ళింట్లో అక్షరం వచ్చిన మొదటి మనిషట.

"ఇంకొక్క యేడాదండి. పిల్ల పది గట్టెక్కిద్ది. మీరు చూసి చెప్పండి."

"నువ్వు ఏం చెబితే అదే ఎక్కించాను. మీ అమ్మే మరిచిపోయి తప్పు చెప్పి ఉంటుంది" అని అరిచాను.

తలుపు తెరిచే ఉంది. అవతల నలుగురూ విన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. అతడు నా మొహం వంక, తెర వంక చూశాడు. తల్లి పోయి రెండేళ్ళయిందని మాత్రం, ఈసారి మెల్లగా, తనలో తాను అనుకున్నట్లు అన్నాడు. తలుపు దగ్గరగా వేసి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు. ఫిబ్రవరి చివర దండ వేసి, శాలువా కప్పి పంపారు. ఏప్రిల్లో పరీక్షలు కాగానే క్వార్టరు ఖాళీ చేశాడు.

ఆ పిల్ల మళ్ళీ బడికి పోలేదు. చివరి దాకా మీరు ఆశపడకుండా ఈ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను.

మరుసటి ఏడు ఫాల్గుణంలో నా భార్య ఆబ్దికం వచ్చింది. పిల్లలు లేరు, ఆ పని నేనొక్కణ్ణే చేసుకొని, ఇంటిదగ్గర కూర్చోలేక ఆఫీసుకు వచ్చాను. చేతిలో పని లేదు. ఉండి ఉంటే ఈ నెలతో ఆమెకు ఎన్నేళ్ళు నిండేవో అనిపించింది. ఆ మాట అడగడానికి నాకు యంత్రం తప్ప ఎవరూ లేరు. ప్రోగ్రాం తెరిచి, ఆమె పుట్టిన సంవత్సరం పేరు కొట్టాను. నాదీ ఆమెదీ ఒకటే సంవత్సరం. నేను శ్రావణం, ఆమె ఫాల్గుణం. అంత దగ్గర వయసులేమిటని సంబంధం చూసేటప్పుడు పెద్దలు సందేహించారు కూడా. మాసం కొట్టాను. తేదీ వచ్చింది.

నాకంటే ఏడు నెలలు చిన్నదైన మనిషిని ఆ యంత్రం నాకంటే అయిదు నెలలు పెద్దను చేసింది.

మొదట నవ్వు వచ్చింది. నవ్వు పూర్తికాకముందే, గుమ్మంలో నిలబడి పెద్దోడికి రాంది చిన్నోడికెట్టా వచ్చిందని అడిగిన మనిషి కళ్ళ ముందు నిలిచాడు. సొరుగులోంచి పంచాంగం తీశాను. లెక్కించడానికి అర నిమిషం కూడా పట్టలేదు. అతడు రిటైరు కావలసింది సరిగ్గా ఆ ముందు నెలలో. ఉద్యోగం ఉండి ఉంటే, క్వార్టరు ఖాళీ చెయ్యడానికి ఇచ్చే గడువులోనే ఆ పిల్ల పదో తరగతి పరీక్షలు రాస్తూ ఉండేది. పరీక్షలు ఆ వారమే మొదలు.

పర్సనల్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన మాఘ ఫాల్గుణాలవారు ఇంకా సర్వీసులో ఉన్నవారుంటే దిద్దమన్నాడు. దిగిపోయినవాడు ఆ డ్రిల్లు మిషను మనిషి ఒక్కడేనని చెప్పాను.

"సంతకం పెట్టి వెళ్ళిపోయాడు గదండి. ఇప్పుడు కదిపితే యూనియన్ వాళ్ళు అందరి తేదీలూ తిరగదోడమంటారు. మిగతావి దిద్దేసి ఊరుకోండి. ఎక్కడా అనకండి" అన్నాడు.

మిగతావి దిద్దాను. ప్రోగ్రాంలో కలపవలసి వచ్చింది ఒకే ఒక్క పంక్తి. కాని ఎక్కడా అనకుండా ఉండలేకపోయాను. అతనికి చెప్పాలి. ఇంటికి పోయి, తెల్లకాగితాలు తీసి, జరిగినదంతా రాశాను. రాసేకొద్దీ నా చదువు నన్ను వదల్లేదు. ప్రమాదవశమున, అనవధానతచేత అంటూ రెండు పేజీలు సాగింది.

మరునాడు సెలవు పెట్టి, వేదాద్రి వైపు పోయే బస్సు ఎక్కాను. బస్సు నిండా పరీక్ష అట్టలు పట్టుకున్న పిల్లలు. ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ, చెప్పలేనివాళ్ళను వెక్కిరించుకొంటూ ఉన్నారు. బడి ముందు బస్సు ఆగి అందరూ దిగిపోయారు. వేదాద్రి రెండు మైళ్ళుందనగా అతని ఊరు. అక్కడిదాకా ఆ బస్సులో నేనూ కండక్టరూ తప్ప ఎవరూ లేరు.

అతడు ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలుతో మంచం దులిపాడు. భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను చెప్పబోయాను. అతనికి వినిపించలేదు. కాగితాలు చేతికిచ్చాను. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, పిల్ల వచ్చిందాకా కూర్చోమన్నాడు. మిరపకోతకు పోయిందట. ఆ మాట ఆమె తల్లి చెప్పింది. తన మొగుడు వయసు సరిగ్గా చెప్పుకోలేక పిల్ల చదువు పోగొట్టాడని, అతనికి వినిపించదని తెలిసిన ధైర్యంతో, అతని ఎదుటే నాకు చెప్పింది. ఏడాదిగా ఇంట్లో అదే గొడవట. ఇరుగుపొరుగువాళ్ళూ చుట్టాలూ కూడా అలాగే అనుకుంటున్నారట. నేను మంచం పట్టె వంక చూస్తూ కూర్చున్నాను.

పొద్దు వాలకముందే ఆ పిల్ల వచ్చింది. మిరపఘాటుకు మండుతున్న చేతులు మజ్జిగతో కడుక్కొని, పైటకు తుడుచుకొని, కాగితాలు అందుకుంది. తండ్రి చెవి దగ్గరికి వంగి, గట్టిగా చదవడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. నేను పెట్టిన సంస్కృత సమాసాలన్నిటినీ ఆ పిల్ల ఎక్కడా తడబడకుండా, ఎక్కడ విరవాలో అక్కడ విరిచి చదివింది. పండితుణ్ణి కాలేకపోయిన నేను, నాకు దొరకవలసిన విద్యార్థిని అలా చూశాను. పదో తరగతిలో ఆ గొంతు వినిపించవలసిన సమయానికి దాన్ని వీధిలో నిలబెట్టినవాణ్ణి నేనే.

చదవడం అయింది. ఆమె కాగితాలు మడిచింది.

"రెండు కాయితాలెందుకండి? లెక్క నేను తప్పేశానని ఒక్క ముక్క రాస్తే అయిపోయేదిగా" అంది.

కోపంగా అనలేదు. లెక్కల పేపరులో అక్కర్లేని సోపానాలను కొట్టివేసే టీచరు చెప్పినట్లు అంది.

ఆమె తల్లి మళ్ళీ బళ్ళో చేర్చుకుంటారా అని అడిగింది. కంపెనీ బడిలో చేర్చుకోరని చెప్పాను. ప్రైవేటుగా పరీక్షకు కట్టించి, ఆదివారాలు వచ్చి చదువు చెబుతానన్నాను. తల్లి పిల్ల వంక చూసింది. పిల్ల తన అరచేతుల వంక చూసుకుంది. కోతలయ్యాక చూద్దాం లెండి అంది. కోతలయ్యాక రెండు ఆదివారాలు వెళ్ళాను. రెండోసారి వెళ్ళేటప్పటికి ఆమెకు సంబంధం కుదిరింది.

ఆ రోజు మాత్రం ఆమె తండ్రి అదేమీ పట్టించుకోలేదు. అతడు అడిగింది వేరు.

"మా అమ్మ తప్పు చెప్పిందనుకున్నానండి. యేడాది బట్టి తిట్టుకుంటన్నా ఆమెని, చచ్చిపోయినదాన్ని. ఆమె చెప్పింది నిజమేనని రాయండి. అదొక్కటి రాసివ్వండి చాలు."

రెండో కాగితం అడుగున కాస్త చోటుంది. మోకాలి మీద పెట్టుకొని, ఈసారి ఏ సమాసమూ లేకుండా, నీ తల్లి చెప్పిన మాసమూ సంవత్సరమూ నిజం, తప్పు నాది అని రాసి సంతకం పెట్టాను. పిల్ల దాన్ని అతని చెవిలో చదివింది. అతడు మళ్ళీ చదవమన్నాడు. వినిపించక కాదని అందరికీ తెలుసు. నేను లేచి దండం పెట్టి, బస్సు ఆగే రోడ్డు వైపు నడిచాను. ఆ పిల్ల మూడోసారి చదువుతోంది. ఆమె గొంతు రోడ్డు దాకా, ఒక్క అక్షరం తప్పిపోకుండా వినిపించింది.